పంటిలో నుయ్యి

మనిషి మరిచిపోయిన నీళ్లను అతని పన్ను మరిచిపోదు. మైలపల్లి నీలవేణి ఈ మాట మొదటిసారి అన్నప్పుడు విశాఖలో ఆమెతోపాటు ఫోరెన్సిక్ సైన్సు చదివే పిల్లలు పగలబడి నవ్వారు. ఎమ్మెస్సీ ఆఖరి ఏడు ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక పరిశోధన చేసి చూపించాలి. ఒకడు బురదలో పడ్డ చెప్పుల గుర్తులు ఎంచుకున్నాడు. ఒకమ్మాయి శవం మీద వాలే ఈగలు ఎంచుకుంది. నీలవేణి నూతి నీళ్లు ఎంచుకుంది.

చెట్టు మానులో ఏడాదికో వలయం కట్టినట్టు పంటి వేరు మీద కూడా ఏడాదికో పొర కడుతుంది. ఆ శాస్త్రం చదివినవాళ్లందరికీ అది తెలిసిందే. ఆ వేరును ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గడ్డకట్టే చలిలో ఉంచి, తాను తయారుచేసిన నీలి దీపం కింద పెట్టి చూడడం నీలవేణి సొంత ఊహ. అలా పెట్టినప్పుడు ఒక్కొక్క పొరలోనూ సన్నని గీతల వరస మెరిసింది. ఆ ఏడాది ఆ మనిషి తాగిన నీళ్ల గీతలవి. ఏ నూతి వరస దానిదే. ఒకే వీధిలో ఉన్న రెండు నూతులకు కూడా పోలిక కుదరలేదు.

ఆ తరవాత ఆమె ఎర్రబస్సుల్లో తిరిగి కోస్తా పొడుగునా ఊరూరి నూతి నీళ్లూ సీసాల్లో పట్టుకొచ్చింది. "కుళాయిలేయిస్తారేటమ్మా?" అని నూతి దగ్గర ఆడవాళ్లు ఆశగా అడిగేవారు. కాదని చెప్పడానికి నోరు రాక, పేర్లు రాసుకొని వచ్చేసేది.

మొదట, ఆరేళ్లకే వచ్చి పుచ్చిపోయిన తన దవడ పన్ను ఒకటి తీయించుకొని కోసి చూసుకుంది. తరవాత, పన్ను ఊడబెరికించుకొచ్చిన ప్రొఫెసర్ వరాహమూర్తి గారు, "ఇదిగో, గురుదక్షిణ తిరగేసి నేనే ఇస్తున్నాను" అంటూ ఆమె బల్ల మీద పెట్టారు.

రెండు రోజులకు నీలవేణి ఆయన గదిలోకి వెళ్లింది.

"సార్, మీరు చదువుకునే రోజుల్లో ఒక ఏడాది విశాఖ వదిలేశారు. కొండ ఊట నీళ్లు తాగారు."

వరాహమూర్తి గారి మొహంలో నవ్వు ఆరిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"టీబీ వచ్చింది. కొండమీద ఆస్పత్రిలో ఉన్నాను. పెళ్లి కాదని మా నాన్న దాచాడు. మా ఆవిడకు ఈరోజుకీ తెలియదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకొని, "నీ మిషను మంచిదో చెడ్డదో నాకు తెలియదమ్మా. నిజం మాత్రం చెబుతోంది. ఇంకొక పరీక్ష ఉంది. నువ్వు గాని నేను గాని ఎరగని మనిషిది చెయ్యాలి. అది నిలబడితే నీ పని నిలబడ్డట్టే" అన్నారు.

ఎవరూ అడగని ఎముకలు ఉంచే గదిలోంచి ఒక అట్టపెట్టె వచ్చింది. ఎక్కడ దొరికిందో రాసిన కాగితం ప్రొఫెసర్ తన దగ్గరే ఉంచుకున్నారు. నీలవేణి కింది దవడలోంచి ఒక పన్ను తీసి కోసింది. దీపం వెలిగించి కన్ను ఆనించగానే ఆమెకు నవ్వొచ్చింది. సీసాల దగ్గరికి వెళ్లి పోల్చుకోనక్కర్లేకపోయింది. ఆ వరస తన సొంత పంటిలో చూసిందే.

"మొగపేట సార్! మా ఊరు. మా వీధి నుయ్యి!"

ప్రొఫెసర్ కాగితం విప్పి చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మొగపేట ఏటికి అవతల సరుగుడు తోట. రోడ్డు వెయ్యడానికి తవ్వుతుంటే దొరికిందట. పోలీసులు ఊళ్లో అడిగితే తప్పిపోయినవాళ్లు ఎవరూ లేరన్నారు. శభాష్ తల్లీ!"

ఆ సంతోషం పట్టలేక నీలవేణి వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, మన నూతి నీళ్లు తాగిన మనిషి పన్ను నా చేతిలో ఉందే!"

"ఎవుల్దే?" అంది దాలమ్మ.

"తెలీదు. సరుగుడు తోటలో పాతేసి ఉన్నాడంట."



"ఎక్కడెట్టినారు?"

"అట్టపెట్టెలో."

"మీద గుడ్డ కప్పినారేటి?"

"ఎముకలకి గుడ్డెందుకే?"

"ఊరికే అడిగినాను" అని దాలమ్మ ఫోన్ పెట్టేసింది.

మొగపేటలో తప్పిపోయినవాళ్లు లేని మాట నిజమే. సముద్రంలో పోయినవాళ్లు ఉన్నారు. పెను తుఫాను వచ్చిన ఏడు ఆరుగురితో వేటకు వెళ్లిన పడవ ఒకటి తిరిగి రాలేదు. ఆ పడవకు పెద్ద, తండేలు, నీలవేణి తండ్రి కొర్లయ్య. అప్పుడు నీలవేణి రెండో తరగతి. ఒక్క శవమూ ఒడ్డుకు చేరలేదు. కొన్నాళ్లు చూసి అయిదిళ్ల ఆడవాళ్లు గాజులు పగలగొట్టించుకున్నారు. దాలమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "నానేటి సూసినానని తీసీమంటారు?" అని కులపెద్దల మొహం మీదే అడిగింది. ఈనాటికీ ఆమె నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఊరు మొదట తిట్టింది, తరవాత నవ్వింది, ఇప్పుడు పిచ్చిది పోనిమ్మని ఊరుకుంది.

పన్ను మాట అలా ఉండగా, పద్ధతి ప్రకారం ఆ ఎముకల డీఎన్ఏ కూడా తీశారు. ల్యాబులో పనిచేసే ప్రతివాళ్ల డీఎన్ఏ ముందే తీసి పెట్టుకుంటారు. ఎవరి చెమటో తుంపరో సాక్ష్యం మీద పడితే పట్టుకోవడానికి. మర్నాడు వరాహమూర్తి గారు గట్టిగా కేకేశారు.

"నీలవేణీ! చేతికి తొడుగు లేకుండా ముట్టుకున్నావా? ఇందులో నీ గుర్తులు వచ్చాయి. మొదటి ఏడు పిల్లలు చేసే తప్పు ఇది!"

"లేదు సార్. రెండు తొడుగులు వేసుకున్నాను."

"అయితే తుమ్మి ఉంటావు. పాడైందని రాసి పక్కన పెట్టెయ్. నీ పని నీళ్ల మీద కదా, దీనితో అవసరం లేదు."

అందరి ముందూ తిట్లు తిన్నందుకు ఉక్రోషం వచ్చి, నీలవేణి మూతికి గుడ్డ కట్టుకొని, ఇంకో ఎముక తీసి, తానే మొదటినుంచీ మళ్లీ చేసింది. మళ్లీ తన గుర్తులే వచ్చాయి. ఈసారి ఆమె ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లింది. చెమట పడితే తన గుర్తులన్నీ రావాలి. వచ్చినవి సగం. ప్రతి చోటా రెండింట్లో ఒకటి తనది, ఒకటి కాదు. ఒక్క చోట కూడా తప్పలేదు. ఎముకలు మగవాడివి.

అలాంటి సగం ఒక్క రకం చుట్టరికంలోనే వస్తుంది. క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి జూనియర్లకు ఆమే చెప్పింది.

పక్క బల్ల దగ్గర ఎవరో కారియర్ విప్పుకొని, "పప్పు తింటావా?" అని అడిగారు. నీలవేణి వద్దని తలూపింది. తరవాత మెడలో చున్నీ తీసి, మడత విప్పి, అట్టపెట్టె మీద కప్పింది. కప్పాక గాని అమ్మ ఫోన్లో అడిగిన మాట గుర్తుకు రాలేదు.

అప్పుడు పన్ను మళ్లీ దీపం కింద పెట్టింది. తుఫానుకు మొగపేట నూతిలోకి సముద్రం పొర్లింది. తోడి, పూడిక తీసి, ఇంకా లోతుకు తవ్వారు. అప్పటినుంచీ ఆ నీళ్ల వరసలో ఒక గీత ఎక్కువ వచ్చింది. తన పంటిలోనే రెండు వరసలూ ఉన్నాయి కాబట్టి నీలవేణికి అది కంఠతా తెలుసు. కొర్లయ్య పంటిలో, నీళ్లు దొరక్క ఎండిన మనిషికి కట్టినట్టు, ఒక పొర బక్కగా కట్టింది. దాని మీద మూడు పొరలు ఉన్నాయి. మూడింటిలోనూ ఎక్కువ గీత ఉంది.

సముద్రంలో పోయిన మనిషి ఆ తరవాత మూడేళ్లు తన వీధి నూతి నీళ్లు తాగాడు. నీళ్లు నడిచి వెళ్లవు. ఎవరో మోశారు.

*

మొగపేటలో బస్సు దిగేసరికి ఇసకలో నెత్తళ్ల చేపలు ఆరబోసి ఉన్నాయి. రాముడమ్మ కాకుల్ని తోలుకుంటూ కూర్చుంది. ఆమె మొగుడు ఎర్రన్న కూడా కొర్లయ్య పడవలోనే పోయాడు.

"ఒలమ్మ, డాట్రమ్మ దిగినాది!"

"డాక్టర్ని కాదు పిన్నీ."

"సచ్చినోల్ల డాట్రువి గదే. నీ రోగులు మంచోల్లు, నోరెత్తరు." రాముడమ్మ గెడకర్ర పక్కన పెట్టింది. "మీ అమ్మ సంగతి ఇన్నావా? మొన్న సంతలో సేతినిండా గాజులేయించుకున్నాది, పెల్లికూతురు నాగ. అప్పా, మా కొర్లబావ ఏ బస్సుకొస్తన్నాడని అడిగినాను." నవ్వబోయి మానేసింది. "పోనీ, దానికా పిచ్చైనా ఉన్నాది. మాకదీ నేదు. ఎల్లు, ఆకలితో ఉంటావు."

ఇంట్లో దాలమ్మ కూతురికి అన్నం పెట్టి, చేపల పులుసు వేసి, ఎదురుగా కూర్చుంది. నీలవేణి అన్నం కలిపింది గాని ముద్ద ఎత్తలేదు.

"అమ్మా, నా చిన్నప్పుడు సరుగాకు ఏరడానికి తోటకెళ్లేదానివి. దానికి బిందెడు నీళ్లెందుకే?"



"నీకెవులు సెప్పినారు?"

"పన్ను చెప్పింది."

దాలమ్మ గరిట గిన్నెలో పెట్టి, గోడకు జారబడింది. "మూడేల్లు మోసినాను. ఆ తుఫానుకి ఏ ఊరోల్ల శవాలో కొట్టుకొచ్చినాయని అటేపు ఒక్కలూ వొచ్చీవోరు కాదు. ఊరంతటికీ కళ్లున్నాయి, ఒక్కలికీ దొరకనేదు. ఆకరికి పన్ను పట్టించీసినాదేటి?"

"నాన్న బతికొచ్చాడా?"

"కొట్టుకొచ్చినాడు. నాను శవం కోసరం ఎతుకుతుంటే ఊపిరితో దొరికినాడు. పద, ఊల్లోకి పోదారి అన్నాను. నా కాళ్లట్టుకున్నాడే. ఆడి సేతులు నా కాళ్ల మీద! అయిదుగురు ఆడోల్లు ఒడ్డున నిలబడున్నారు, నా మొకం ఎలాగ సూపిస్తాను అన్నాడు."

"తుఫానొస్తే నాన్న తప్పేంటే?"

"అది నీకు సెప్పను" అంది దాలమ్మ. "ఇయ్యాల కాపోతే రేపొస్తాడనుకున్నాను. రేపు, రేపు అని మూడేల్లయిపోనాయి. పాత కాపలావోడి పాకలో ఉండీవోడు. నువ్వు బడికెల్లే దారి అక్కడికి కనపడతాది. తెల్ల రిబ్బను కట్టుకున్నాదేటి ఇయ్యాల, అని అడిగీవోడు. ఆకరికి జొరమొచ్చినాది. ఆస్పటలు అంటే వొద్దన్నాడు. నానే గొయ్యి తవ్వినాను. కొంగు నోట్లో కుక్కుకొని తవ్వినాను, ఏడుపు ఏరు దాటిపోకుండా."

నీలవేణి చేతికి అంటిన అన్నం ఎండిపోతూ ఉంది.

"ఆయనున్నప్పుడు ఎట్టుకున్న బొట్టు నిజమే. పోనాక ఎట్టుకున్నది అబద్దం. తీసీడానికి నేదు. తీస్తే ఎందుకు తీసినావు, ఎప్పుడు సూసినావు అని అడుగుతారు. పొద్దు లేచి అద్దంలో సూసుకొని అబద్దం దిద్దుకుంటన్నాను."

కాసేపటికి దాలమ్మే తేరుకుంది. "నీ సదువు పాడు సేసుకోకు. ఎవులికీ సెప్పకు. ఆయన నీకాడే ఉన్నాడు గదా, ఉండనీ. గుడ్డ మట్టుకు కప్పు."

"నాతో ఉండడమ్మా. చదువవగానే నేను అక్కణ్ణుంచి వచ్చేస్తాను. ఎవరూ అడక్కపోతే ఏడాదికో కొత్త పిల్ల వచ్చి ఒక్కో ముక్క కోసుకుంటుంది. అవి పాఠం చెప్పుకునే ఎముకలు."

దాలమ్మ కూతురి మొహంలోకి చూసింది. "నువ్వూ కోసినావా?"

"కోశాను."

దాలమ్మ కంచం తీసుకెళ్లి, కలిపిన అన్నం కాకులకు పెట్టి వచ్చింది.

*

నీలవేణి వెనక్కి వచ్చి ప్రొఫెసర్‌కు సంగతి చెప్పింది. ఆయన తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"ఎవరికీ తెలియని మనిషి కాబట్టే అది పరీక్ష అయింది. సొంత తండ్రి అంటే పరీక్షకులు ఒక్క గీత కూడా నమ్మరు. ఊరు నీకు ముందే తెలుసంటారు. ఆ ఒక్క పన్నూ తీసేస్తే నీ పనికి దన్ను లేదమ్మా."

"తెలుసు సార్."

"డీఎన్ఏ పాడైందని నేనే రాశాను. అలాగే ఉండనిస్తే అబద్ధం నాది, నీది కాదు. పట్టా వస్తుంది. ఈ దీపానికి నీ పేరు ఉంటుంది. ఆయన్ని పెట్టెలో భద్రంగా ఉంచే పూచీ నాది."

చెడ్డ మనిషి చెప్పిన మాట కాదది. తానూ ఒక కొండమీది ఆస్పత్రిని ముప్పై ఏళ్లు దాచుకున్న మనిషి. నీలవేణి ఆలోచించుకుంటానంది. ఆలోచించుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చి, మీ ఊరివాళ్లట, గేటు దగ్గర ఉన్నారని చెప్పాడు.

దాలమ్మ, పక్కన రాముడమ్మ. రాముడమ్మ అంత పెద్ద మేడను తలెత్తి చూస్తోంది.

"మీ అమ్మ నీ కాలేజీ సూద్దారి రమ్మన్నాది. బస్సులో నోరిప్పితే ఒట్టు. కడుపు నొప్పేమో దీనికి, ఏదైనా మందియ్యి. సచ్చినోల్ల మందు కాకుండా."

నీలవేణి తల్లిని చూసింది. దాలమ్మ, "సూపించు" అంది.

ల్యాబు బల్ల మీద చున్నీ పరిచి, నీలవేణి ఎముకలు ఒకటొకటిగా మనిషి వరసలో పేర్చింది. ఆ పని ఎన్నోసార్లు చేసింది. ఈసారి మోకాలి చిప్ప ఏ వైపుదో తెలియలేదు. రాముడమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని గోడ పక్కన నిలబడింది.

"ఎవులే ఇది?"

"మీ బావ" అంది దాలమ్మ.

తోట, పాక, బిందె, గొయ్యి, అన్నీ దాలమ్మ ఏకబిగిన చెప్పింది. రాముడమ్మ వింటూ వింటూ కొంగు దించేసింది. నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చింది. పుర్రె వైపు వంగి, గుమ్మంలో కూర్చున్న మనిషిని పలకరించినట్టే అడిగింది.

"బావా, మా ఇంటాయన్ని ఎక్కడ దించీసినావు?"

కూతురికి చెప్పనన్నది దాలమ్మ అప్పుడు చెప్పింది.

"నలుగురు మొదటి రేత్రే పోనారు. ఇరిగిన బల్ల మీద ఈల్లిద్దరే మిగిలినారు. నీల్ల డబ్బాలో ఒక్క గుక్క ఉన్నాది. పడవలో తండేలు ఆకర్న తాగాల. కింద పనిసేసే కలాసీలు తాగినాకే తాగాల. అది కట్టుబాటు. మీ ఎర్రన్న తూలుతుంటే నిద్దరోయినాడనుకొని ఈయన డబ్బా ఎత్తీసినాడు. తాగి దించీసరికి ఎర్రన్న కళ్లిప్పి సూస్తన్నాడంట."

"ఏటన్నాడు?"

"తాగీ అన్నా, అన్నాడంట. అనీసి కాసేపటికి సేతులు వొదిలీసినాడు." దాలమ్మ ఎముకల కింద చున్నీ అంచు సరిచేసింది. "నాను మోసుకెల్లిన నీల్లు ఏనాడూ ముందు తాగనేదే. పుడిసిట్లోకి పోసుకొని అయిదుసార్లు ఇసకలో ఒంపీసి, ఆకర్న తాగీవోడు."

"మల్లీ సెప్పు. మా ఇంటాయన ఏటన్నాడు?"

"తాగీ అన్నా, అన్నాడు."

"తాగీ అన్నా" అని రాముడమ్మ తనలో తాను అనుకుంది. "అంటాడు. ఆడు అలాగే అంటాడు. ఇంట్లో కూడా ఉన్న ముద్ద పక్కోడి కంచంలో ఏసీసీవోడు. నాను తిట్టీదాన్ని." ఇన్నేళ్ల తరవాత మొగుడి మాట ఒకటి కొత్తగా ఆమె చెవిన పడింది. ఒక్కసారి వెలిగిన ఆమె మొహం అంతలోనే నల్లబడింది.

"ఇది నా మొగుడి మాట గదే అప్పా! నాది! ఆడు ఏటనుకుంటా పోనాడో, నన్ను తలిసినాడో నేదో అని నానెన్ని రేత్రులు గోడకి సెప్పుకున్నాను! నువ్వు పక్కింట్లోనే పడుకొని, నా మాట నీ పొట్టలో ఎట్టుకున్నావు!"



రాముడమ్మ నీలవేణి వైపు తిరిగింది. "అమ్మీ, నీ మిషను ఆ గుక్క సూపించినాదా?"

"లేదు పిన్నీ. ఏడాది పొడుగునా తాగినవే కనబడతాయి. ఒక్క గుక్క కనబడదు."

"అయితే ఏటి సూసినట్టే?"

నీలవేణి తన సీసాల అర వైపు చూసింది. అన్ని ఊళ్ల నీళ్లూ సీసాల్లో వరసగా ఉన్నాయి. మనిషిని ముంచినది వాటిలో లేదు.

దాలమ్మ రెండు చేతులూ ముందుకు చాపింది. సంతలో కొన్న కొత్త గాజులు దీపం వెలుగులో మెరిశాయి. "నువ్వే తియ్యాల. ముండమోసినోల్లే తియ్యాల గదా. తియ్యి రాముడూ."

రాముడమ్మ ఆ చేతుల్ని ముట్టుకోలేదు.

"ఇక్కడా? ఎవులూ నేని గదిలో, దొంగతనంగానా? నాకు సెప్పినావు, మిగతా నాలుగిల్లకి ఎవులు సెప్తారు? బావని ఊరికి తీసుకురా. అందరి ముందూ సెప్పు. ఆపైన సూద్దారి."

ఆ సాయంత్రమే నీలవేణి ప్రొఫెసర్ గదికి వెళ్లి, పాడైందన్న మాట కొట్టించి, మైలపల్లి కొర్లయ్య, నా తండ్రి, అని రాయించింది. పన్ను లెక్కలోంచి పోయింది. పని మొదటినుంచీ మళ్లీ, వచ్చే ఏడు. వరాహమూర్తి గారు సంతకం పెట్టి, "ఈ రాత్రి మా ఆవిడకి ఒక సంగతి చెబుతాను" అన్నారు. చెప్పారో లేదో నీలవేణి తరవాత అడగలేదు.

*

పోలీసుల అనుమతి వచ్చాక కొర్లయ్యను కొత్త గుడ్డలో మూట కట్టి మొగపేట తీసుకొచ్చారు. ఏటి ఒడ్డున ఆడవాళ్లంతా చేరారు. దాలమ్మ మూట పక్కన నిలబడి, అయిదిళ్లవాళ్ల మొహాలూ చూస్తూ, ల్యాబులో చెప్పినదంతా మళ్లీ చెప్పింది. గుక్క సంగతి కూడా దాచలేదు.

చెప్పడం అయ్యాక ఒకామె ఇసక తీసి దాలమ్మ మీద చల్లింది. "తండేలట, తండేలు!" అని ఒక ముసలామె మూట వైపు ఉమ్మింది. ఆమె కొడుకు ఆ పడవలో అందరికన్నా చిన్నవాడు. మరొకామె మాత్రం దగ్గరికి వచ్చి, మా ఆయన రెండో రోజు చూశాడా, మొదటి రాత్రే పోయాడా అని గుసగుసగా అడిగి, మొదటి రాత్రేనని విని, ఎక్కువ కష్టపడలేదులే అనుకుంటూ వెళ్లిపోయింది.

దాలమ్మ ఇసకలో కూర్చొని చేతులు చాపింది. ఎవరూ కదల్లేదు. 

అప్పుడు రాముడమ్మ వచ్చింది. ఎదురుగా కూర్చొని, ఒక్కొక్క గాజూ చర్మం కోసుకోకుండా వేళ్ల మధ్య ఇమిడ్చి, రాయి మీద చిట్లగొట్టింది. ముక్కలు ఏరి తన కొంగులోనే మూట కట్టింది. ఏటి నీళ్లలో తడిపిన గుడ్డతో నుదుటి బొట్టు తుడిచింది. చాలాకాలం పెట్టిన చోట చర్మం పాలిపోయి, తుడిచినా గుండ్రంగా మచ్చ మిగిలింది. రాముడమ్మ దాన్ని మళ్లీ ఒకసారి తుడిచి చూసి, లేచి, తన ఇంటి వైపు వెళ్లిపోయింది. తలుపు వేసిన చప్పుడు వినబడింది.

దాలమ్మ అప్పుడు శోకం ఎత్తింది. ఆ వాడలో శోకమంటే ఒక్కరి ఏడుపు కాదు. ఒకరు మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తూ ఒక చరణం తీస్తే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు దాని తోక అందుకొని సాగదీస్తారు. అందుకునే లోపల ఏడ్చే మనిషి ఊపిరి తీసుకుంటుంది. "నా తండేలో, తోటలో దాగినావో" అని దాలమ్మ తీసింది. ఎవరూ అందుకోలేదు. ఊపిరి అందక దగ్గి, మళ్లీ తీసింది. ఏటి ఒడ్డు అలాగే ఉంది. ఆడవాళ్లు ఒకరొకరే కొంగులు దులుపుకొని లేస్తున్నారు.

నీలవేణికి శోకం రాదు. చదువుకునే పిల్లవు, నీకెందుకని ఎవరూ నేర్పలేదు. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో తెలియదు. తల్లి మూడోసారి చరణం చివరకొచ్చి ఊపిరి కోసం ఆగినప్పుడు, ఆమె పక్కన ఇసకలో కూలబడి, తప్పు రాగంలో, బొంగురు గొంతుతో ఆ తోక అందుకుంది.

దాలమ్మ ఊపిరి తీసుకుంది.